మట్టిలో మిగిలిపోయిన మందు

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో మా నాయన పెట్టిన విత్తనాలు, పురుగు మందుల కొట్టులో నేను ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నాను. నా చదువు డిగ్రీతో ఆగిపోయింది. మందుల గురించి నాకు తెలిసిందంతా కంపెనీ వాళ్ల మీటింగుల్లో విన్నదీ, సీసాల మీద చదివిందీ, రైతులు వచ్చి చెబితే నేర్చుకున్నదీ. అయినా కొట్టుకు వచ్చేవాళ్లు డాక్టరును అడిగినట్టు అడిగేవాళ్లు. ముడుచుకుపోయిన ఆకునో, పుచ్చిన కాయనో తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒక మందు పేరు చెప్పేవాణ్ణి. తెలియనప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. తెలియదంటే పక్క కొట్టుకు పోతారని భయం.

అలా విడవకుండా వచ్చినవాళ్లలో నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు. వాడిది ఉదయగిరి కొండ కింద పల్లె. ఆత్మకూరు హైస్కూలు హాస్టల్లో ఉండి, నాతో పాటు పదో తరగతి దాకా చదివాడు. వాళ్లది నాలుగు తరాలుగా పొలం చేసుకునే కుటుంబం. మెట్ట చేలు. వాన పడితే సజ్జ, కంది, పెసలు. బోరులో నీళ్లు పడ్డాక మిరప, వంకాయ మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచీ నా కొట్టు దాటి పోలేదు. పక్క కొట్టువాళ్లు పిలిచినా, "మావోడు ఉండాడు గదా" అనేవాడట. నేను చెప్పిన మందు పేరు కూడా చదివేవాడు కాదు. ఎంత కలపాలో ఒకసారి అడిగి, సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు.

ఒక ఎండాకాలం ఉదయగిరిలో పెళ్లికి వెళ్లి, అక్కడి నుంచి వాడి ఊరికి పోయాను. బోరు కింద వంకాయ కాపు మీద ఉంది. కోసిన కాయలు గంపల నిండా నిగనిగలాడుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే వాడి భార్య సొరకాయ పప్పు, గోంగూర వడ్డించింది.

"చేను నిండా వంకాయలు పెట్టుకుని సొరకాయ వండినావేందమ్మా?" అన్నాను సరదాగా.

"ఆ చేలో కాయలు మేం తినం అన్నా," అంది ఆమె. "సొరకాయ దొడ్లోది. దానికి మందు కొట్టం."

"ఎందుకు తినరు?"

"మొన్న సాయంత్రం మందు కొట్టినారు. ఈ పొద్దు కోసినాం. మీరిచ్చిన మందే గదా, మీకు తెలీదా?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అన్నం ఇంకొంచెం పెట్టమంటారా అని అడిగినంత మామూలుగా అంది. నా స్నేహితుడు నవ్వి, "ఊరంతా అట్నేరా. కొట్టినాక వారం ఆగితే కాయ ముదిరిపోతాది. ఎవురు కొంటారు?" అన్నాడు. నేనూ నవ్వాను. గంపలు ఆత్మకూరు మార్కెట్టుకు వస్తాయని నాకు తెలుసు. మా ఇంట్లో వంకాయలు ఆ మార్కెట్టు నుంచే తెస్తాం. తిరుగు బస్సులో ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. మర్నాడు మాత్రం మామూలుగానే కొట్టు తెరిచాను. ఏ మందూ మానలేదు.

నేను దాచిపెట్టిన విషయం జరిగింది ఆ తర్వాతి ఏడు. పాతకాలం నుంచీ అమ్ముతున్న ఒక మందును ప్రభుత్వం ఆపేసింది. గడువు లోపల స్టాకు వెనక్కి పంపాలని కబురు వచ్చింది. నేను రేపు మాపు అని వాయిదా వేశాను. గడువు దాటిపోయాక చూసుకుంటే గోదాములో ఇంకా రెండు పెట్టెలు ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నా స్నేహితుడు వచ్చాడు. బావి పక్కన అర ఎకరం మిరపకు వేరుపురుగు పట్టిందనీ, మొక్కలు నిలువునా వాడిపోతున్నాయనీ చెప్పాడు.

నేను ఆ పెట్టెలోంచి సీసాలు తీసి ఇచ్చాను. "మొదళ్లలో పొయ్యి. సీసా మీద రాసింది చాలదు, రెండింతలు కలుపు" అన్నాను. దాన్ని ఆపేశారని చెప్పలేదు. పురుగు చచ్చింది. మిరప పండింది. వాడు ఎండుమిరపకాయలు ఒక సంచెడు తెచ్చి మా ఇంట్లో ఇచ్చిపోయాడు.

మూడో ఏడు వానలకు వాడు ఆ అర ఎకరంలో పెసలు చల్లాడు. ఒకరోజు పొద్దున్నే తువ్వాలులో మూట కట్టుకుని మొలకలు తెచ్చాడు. రెండాకులు వేసిన మొలకలు పసుపు తిరిగి, చివర్లు మెలికపడి ఉన్నాయి. వేళ్లు పొట్టిగా, లావుగా, గోధుమ రంగులో ఉన్నాయి.

"బావి పక్క అంతా ఇట్నే ఉండాదిరా. మిగతా చేలో బాగుండాది. ఏం మందు కొట్టమంటావు?" అన్నాడు.

నాకు పురుగు కనపడలేదు. తెగులు కాదని అర్థమైంది. వాడు బల్ల మీద చేతులు పెట్టుకుని నేను చెప్పే పేరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ రోజు మొదటిసారి నాకు తెలియదని చెప్పాను. వాడు నమ్మలేదు. "నీకు తెలీకపోవడమేందిరా?" అన్నాడు.

నాకు తెలిసిన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఉంది. వయసులో చిన్నది. రైతు సమావేశాల్లో పరిచయం. ఆమెకు ఫోన్ చేస్తే, చేలో నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి పంపమంది. పంపాం. కొన్ని వారాలకు ల్యాబు రిపోర్టు నా ఫోనుకే వచ్చింది. రెండు పేజీల ఇంగ్లీషు. మట్టిలో నాలుగు రకాల మందులు మిగిలి ఉన్నాయి. మొదటి వరసలో ఉన్న పేరు చూడగానే గోదాములోని పెట్టెలు గుర్తొచ్చాయి.

రిపోర్టును ప్రింటు తీయించుకుని వాడి ఊరికి వెళ్లాను. "ఏంది రాసుండాది?" అని అడిగాడు.

"ఏవో పాత మందులు. ఇన్నేళ్లుగా కొట్టినవి పేరుకున్నాయంట," అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. పక్కన నిలబడ్డ వాడి భార్య నా చేతిలోని కాగితం అడిగి తీసుకుని, మడిచి దేవుడి పటం వెనక పెట్టింది.

శాస్త్రవేత్త వచ్చి చేను చూసింది. నా స్నేహితుడు ఆమెను కూడా మందే అడిగాడు. ఈ మందును విరిచే మందు ఏదైనా ఉందా అని. ఆమె లేదంది.

"మట్టిలో మన కంటికి కనపడని జీవాలు కోట్లలో ఉంటాయండీ. మీ బావి పక్క మట్టిలో అవి చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. బాగా మాగిన కంపోస్టు వేస్తే వాటికి తిండి దొరుకుతుంది. మళ్లీ పెరుగుతాయి. తిండితో పాటు మందును కూడా కొంచెం కొంచెంగా విరిచేస్తాయి. ఇంకొంత మందును కంపోస్టు తనలోనే పట్టి ఉంచి వేళ్లకు అందనివ్వదు. అయితే అన్ని మందులూ ఒకేలా లొంగవు. ఒక్క ఏడుతో అయ్యే పని కాదు," అని చెప్పింది.

"అంటే పేడ దిబ్బేనా?" అన్నాడు వాడు నిరాశగా.

"దిబ్బే. కానీ పద్ధతిగా వేసిన దిబ్బ."

పద్ధతి ఆమె చూపించింది. పేడ ఒక పొర, ఆకులు ఒక పొర, గడ్డి ఒక పొర. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. గడ్డపారను దిబ్బలో గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి. మాగిన తర్వాత కూడా నేరుగా చేలో చల్లవద్దంది. ముందు పాత డబ్బాల్లో కంపోస్టు నింపి చిక్కుడు గింజలు నాటి, మొలకలు ఆరోగ్యంగా వస్తేనే చల్లమంది. ఆ మాటను మేమిద్దరం అంతగా పట్టించుకోలేదు. వాడి భార్య పట్టించుకుంది.

వాళ్ల రెండు బర్రెల పేడ చాలదు. వరిగడ్డి అసలే లేదు. గడ్డి నేను తెప్పిస్తానన్నాను. సోమశిల నీళ్లు పారే వైపు వరి వేసే ఒక రైతు నాకు ఎరుక. ఒక ట్రాక్టరు గడ్డి పంపించాను. ఏదో ఒకటి చేస్తున్నానని మనసుకు కొంచెం ఊరటగా ఉండేది. ఆదివారాలు కొట్టు మా తమ్ముడికి వదిలి ఉదయగిరి బస్సెక్కేవాణ్ణి. ముగ్గురం దిబ్బ తిరగేసేవాళ్లం.

ఒక ఆదివారం వెళ్లేసరికి బావి గట్టు మీద మూడు ఖాళీ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. మట్టి కొట్టుకుపోయిన సీసాలు. లేబుళ్లు సగం చిరిగాయి. వాడి భార్య రిపోర్టు కాగితం చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఇంటర్ దాకా చదివింది. కాగితంలోని పేర్లనూ లేబుళ్ల మీది పేర్లనూ అక్షరం అక్షరం పోల్చి చూసిందట. మొదటి వరసలోని పేరు దొరికాక శాస్త్రవేత్తకు ఫోన్ చేసి అడిగిందట.

"ఈ మందు ఆపేసినారంట గదన్నా," అంది. "మేము మిరపకు పోసేటప్పటికే ఆపేసి ఉండారంట. మేడమ్ చెప్పింది. ఆమె పొరపాటు పడి ఉంటాదని అనుకున్నా. నువ్వు చెప్పు."

నా స్నేహితుడు పార పట్టుకుని నిలబడి నా వైపు చూస్తున్నాడు. వాడి మొహంలో అనుమానం లేదు. భార్య ఏదో తెలియక అడుగుతోంది, వీడు సర్ది చెబుతాడు అనే నమ్మకం ఉంది. ఆ చూపు ముందు నాకు అబద్ధం రాలేదు.

"నిజమే," అన్నాను. "ఆపేసినారని నాకు తెలుసు. పెట్టెలు మిగిలిపోయినాయి. తెలిసే ఇచ్చినాను. రెండింతలు పొయ్యమన్నదీ నేనే."

 వాడు పార నేల మీద పెట్టాడు. బావి దగ్గరికి పోయి బకెట్టు నీళ్లు తోడుకుని కాళ్లు చేతులు కడుక్కున్నాడు. నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"నాకు చెప్పుంటే పొయ్యకుండా ఉండేవాణ్ణా? నువ్వు పొయ్యమంటే అప్పుడూ పోసేవాణ్ణేరా. అది కూడా నీకు తెలుసు. అయినా చెప్పలా."

తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బస్సుకు టైమయింది, పో," అన్నాడు. అప్పటికి బస్సుకు ఇంకా రెండు గంటలు ఉంది. నేను రోడ్డు మీదికి నడిచి అక్కడే కూర్చున్నాను.

ఇంట్లో ఈ సంగతి మా తమ్ముడికి చెప్పాను. పురుగు మందులు అమ్మడం మానేద్దామన్నాను. వాడు కోప్పడలేదు, ఓపికగానే మాట్లాడాడు. "మనం మానేస్తే రైతులు మానేస్తారా అన్నా? పక్కనే మూడు కొట్లు ఉండాయి. మనమైతే కనీసం మంచివి ఇస్తాం. నువ్వు విత్తనాల వైపు కూర్చో. మందుల వైపు నేను చూసుకుంటా." నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ కొట్టు అలాగే నడుస్తోంది. ఒకే షట్టరు కింద నేను ఒక పక్క, మందులు ఒక పక్క. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఉదయగిరి వెళ్లలేదు. మూడో వారం వాడి భార్య ఫోన్ చేసింది.

"దిబ్బ తిరగెయ్యాల. ఆయనకు నడుం నొప్పి. నేనొక్కదాన్నే చెయ్యలేను."

"నేను వస్తే వాడికి..."

"ఆయన మాట్లాడడు. అది నువ్వు పడాల్సిందే. పోసింది మీ ఇద్దరూ. ఎత్తిపోసే కాడ నేనొక్కదాన్నే ఉండాల్నా అన్నా?"

వెళ్లాను. నడుం నొప్పి అన్నవాడు చేను రెండో చివర కంప నరుకుతూ తలెత్తలేదు. ఆమె నాకు పార ఇచ్చి పక్కకు జరిగింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. వాడు నాతో మాట్లాడడు. నేను వచ్చే వేళకు మంచినీళ్ల బిందె మాత్రం కానుగ చెట్టు నీడలోకి జరిపి పెట్టి ఉండేది. అది పెట్టేది వాడో, వాడి భార్యో నేను అడగలేదు.

దిబ్బ బాగా మాగింది. నల్లగా, పొడిపొడిగా, వాన పడిన నేల వాసన వేస్తోంది. ఇక చల్లుదామని నేను తొందరపడ్డాను. ఆమె ఒప్పుకోలేదు. అయిదు నూనె డబ్బాల్లో ఆ కంపోస్టు నింపి, ఇంకో అయిదింటిలో దొడ్లో మట్టి నింపి చిక్కుడు గింజలు పెట్టింది. పది రోజులకు ఫోన్ చేసి రమ్మంది. ఆదివారం కాకపోయినా వెళ్లాను.

దొడ్లో మట్టి వేసిన డబ్బాల్లో మొలకలు వెడల్పాటి ఆకులు వేసి నిటారుగా ఉన్నాయి. కంపోస్టు డబ్బాల్లో ఆకులు దోసిలి పట్టినట్టు లోపలికి ముడుచుకుని, కాడలు మెలి తిరిగి ఉన్నాయి. అయిదింటిలోనూ అంతే.

శాస్త్రవేత్తకు ఫొటోలు పంపాం. ఇది కలుపు మందు లక్షణం లాగా ఉంది, గడ్డి ఎక్కడిది అని అడిగింది. నేను ఆత్మకూరు వచ్చి ఆ వరి రైతును కలిశాను. కలుపు మందు కొట్టావా అంటే, "కొట్టకుండా ఎట్టా? మీ కొట్లోదే గదా. మీ తమ్ముడు కొత్తది వచ్చిందని ఇచ్చినాడు. బాగా పని చేసింది," అన్నాడు సంతోషంగా. కొన్ని కలుపు మందులు గడ్డిలోనే ఉండిపోయి, దిబ్బ మాగినా పూర్తిగా విరగకపోవచ్చని శాస్త్రవేత్త చెప్పింది. ఇదీ అదే అయి ఉంటుందంది.

ఈ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు నా స్నేహితుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెకు చెబుతుంటే విన్నాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నాతో నోరు తెరిచాడు.

"మందు నీ కొట్లోదే. దాన్ని పోగొట్టేదానికి తెచ్చిన గడ్డీ నీ మందుదే. ఇంకేం తెస్తావురా?"

అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని అనిపించింది.  వాడు లేచి, "ఈసారి నువ్వేం తేబాక. నేను చూసుకుంటా," అన్నాడు.

ఆ దిబ్బను ఏం చెయ్యాలో తెలియలేదు. చేలో వెయ్యలేం. ఎక్కడైనా పారబోస్తే వాన నీళ్లతో ఇంకొకరి చేలోకి పోతుంది. చివరికి గట్టు మీద ఒక మూలకు మార్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ మట్టి కట్ట పోశాం. ఏడాది పాటు తిరగేస్తూ పోతే తగ్గొచ్చని శాస్త్రవేత్త అంది. ముగ్గురం రెండు రోజులు మోశాం. చేతులు బొబ్బలెక్కాయి.

కొత్త దిబ్బకు ప్రతి గంపా ఎక్కడిదో తెలిసి ఉండాలని ఆమె పట్టుబట్టింది. బర్రెలకు బయటి మేత మానేసి, మందు తగలని తమ సజ్జ చొప్పే వేసింది. చుట్టుపక్కల కానుగ, వేప చెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చి తెచ్చాం. గడ్డికి బదులు ఏం వాడాలా అని ఆలోచిస్తుంటే నా స్నేహితుడికి ఉదయగిరి చెక్క గరిటెల వాళ్లు గుర్తొచ్చారు. అక్కడ ఇళ్లలో ఆడవాళ్లు కూర్చుని చెక్కతో గరిటెలు, స్పూనులు చెక్కుతారు. వాళ్ల వాకిళ్లలో పొట్టు పోగుపడి ఉంటుంది. ఒక ముసలావిడ మా గోనెసంచులు చూసి, "పొయ్యిలోకా నాయనా?" అని అడిగింది. నేలకు అని చెబితే, "చెక్కకు మేం ఏ మందూ పుయ్యం. అన్నంలో పెట్టుకునే గరిట గదా," అంది. ఆ మాట మాకు రిపోర్టు కంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

చెక్క పొట్టు తొందరగా మాగదు. మొదటి నెల దిబ్బ వేడెక్కనే లేదు. పేడ పెంచి, పచ్చిరొట్ట ఎరువుకు వేసే జీలుగ నరికి కలిపి, మళ్లీ తడిపి వేస్తే అప్పుడు గడ్డపార కాలింది. ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి డబ్బాల్లో చిక్కుళ్లు బాగా మొలిచాయి. ఆమె ఇంకోసారి నాటింది. రెండోసారీ బాగా వచ్చాక చల్లనిచ్చింది. వాన పడేముందు అర ఎకరమంతా మందంగా చల్లి దున్నించాం. ఆ ఏడు పంట వెయ్యలేదు. జీలుగ చల్లి పూతకు రాగానే కలియదున్నాం. మరుసటి ఏడు కూడా అలాగే.

ఈ ఏడు మళ్లీ మట్టి పంపించాం. నాలుగు మందుల్లో రెండు ల్యాబుకు దొరకనంత తగ్గాయి. మూడోది సగానికి పైగా తగ్గింది. మొదటి వరసలోది, నేనిచ్చినది, తగ్గింది కానీ ఉంది. పెసలు చల్లితే మూడు వంతుల చేలో మొలక బాగా వచ్చింది. బావి మూలలో, వాడు సీసాలు కలిపిన చోట, ఇప్పటికీ మొలక పసుపు తిరుగుతోంది. వాడి భార్య ఆ పంటను ఇంట్లోకీ, అమ్మకానికీ రానివ్వలేదు. కాయ కాకముందే దున్నించేసింది. "ఇంకోసారి పరీక్ష బాగా వస్తే చూద్దాం," అంది.

నా స్నేహితుడు ఇప్పుడు నాతో మాట్లాడతాడు. తడి గురించి, వేడి గురించి, వాన గురించి. హాస్టలు రోజుల మాటలు మాత్రం ఎత్తడు. నేను ఎత్తితే లేచి పోతాడు. మా కొట్టుకు వాడు మళ్లీ రాలేదు.

ఇంకొక సంగతి నేను ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్నాను. ఆ పెట్టెల్లోని సీసాలు నేను ఇచ్చింది వాడొక్కడికే కాదు. కలిగిరి దగ్గర పొగాకు వేసే రైతు ఒకాయనకు నారుమడిలో పొయ్యమని అయిదు సీసాలు ఇచ్చాను. మిగిలినవి ఆ తర్వాత వెనక్కి పంపించాను. ఆయన పేరు, ఊరు గుర్తున్నాయి. రెండో రిపోర్టు వచ్చాక ఇక ఆగలేక కలిగిరి బస్సెక్కాను.

ఆయన అక్కడ లేడు. పొలం అమ్మేసి కొడుకు దగ్గరికి పోయాడట. పొలం ప్లాట్లయింది. హద్దు రాళ్ల మధ్య అక్కడక్కడా ఇళ్లు లేచాయి. నారుమడి ఉన్న చోటు పక్కవాళ్లు చూపించారు. రేకుల ఇల్లు. ముందు చిన్న వాకిలి. స్నానాల గది నీళ్లు పారే చోట పాది చేసి తోటకూర, పాలకూర వేశారు. ఏపుగా ఉంది. ఒకామె గిన్నె పట్టుకుని ఆకు కోస్తోంది.

"ప్లాటు చూసేదానికి వచ్చినారా సార్?" అని అడిగింది.

కాదని, నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ మెల్లగా చెప్పాను. ఆమె చేతిలోని గిన్నె వైపు చూసుకుంది.

"ఆకు బాగానే వస్తా ఉండాదే," అంది.

"ఆకు చూస్తే పైకి తెలియకపోవచ్చమ్మా. మట్టి పరీక్ష చేయించేదాకా తినబాకండి."

"రెండేళ్లుగా తింటా ఉండాం సార్. పిల్లలు కూడా."

 మట్టిలో ఏమీ ఉండకపోవచ్చని కూడా అన్నాను. కొట్లో కూర్చుని ముప్పై ఏళ్లు ఇలాగే ధైర్యం చెప్పాను కాబట్టి ఆ మాట నా నోటికే చేదుగా తగిలింది. ఆమె గిన్నెలోని ఆకును గోడ పక్కన కుప్పగా పోసింది. నేను కవరులో మట్టి తీసుకుని వచ్చేశాను.

తర్వాతి ఆదివారం ఉదయగిరి వెళ్లి, ఈ ఏడు వేసిన దిబ్బలో మాగిన కంపోస్టు రెండు సంచులు కావాలని అడిగాను. ఎవరికని నా స్నేహితుడు అడిగాడు. చెప్పాను. ఇంకా ఇచ్చినవాళ్లు ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. సంచులు నింపడానికి మాత్రం చెయ్యి వేశాడు.

ఆ సంచులు బస్సు మీద వేసుకుని కలిగిరిలో దిగాను. రేకుల ఇంటి వాకిట్లో ఆకుకూర మొత్తం పీకేసి ఉంది. ఆమె బయటికి వచ్చి సంచులు చూసింది.

"ఇది వేస్తే ఎప్పుడు విత్తుకోవచ్చు సార్?"

"ఇంకా తెలీదమ్మా. రిపోర్టు రావాల. వచ్చినాక కూడా ఏడాదో, రెండేళ్లో."

ఆమె లోపలికి పోయి పార తెచ్చింది. నాకు ఇవ్వలేదు. తనే సంచి మూతి విప్పి, కంపోస్టు చేతిలోకి తీసుకుని వాసన చూసి, పాదిలో పరవడం మొదలుపెట్టింది. నేను రెండో సంచి విప్పాను.